జలుబుకి అజిత్రో ఎందుకు?

వాన పడ్డ మర్నాడు ఏ ఊళ్ళో మెడికల్ షాపు ముందు నిలబడినా ఈ మాట వినిపిస్తుంది, "అన్నా, గొంతు పట్టేసింది, కాస్త పవర్ ఉన్న మాత్రలియ్యి". షాపాయన చీటీ అడగడు. స్ట్రిప్ లోంచి అజిత్రోమైసిన్ 500 మూడు కత్తిరించి, పారాసిటమాల్, ఇంకో జలుబు మాత్ర కలిపి పొట్లం చేతిలో పెట్టి మూడ్రోజుల్లో తగ్గిపోద్ది అంటాడు, నిజంగానే తగ్గుతుంది కూడా. చిక్కంతా అక్కడే. ఏ మందూ వేసుకోకపోయినా వారం తిరిగేసరికి పోయే జలుబు అది, పేరు మాత్రం అజిత్రోకి వచ్చింది, కాబట్టి వచ్చే నెల మళ్ళీ అదే మాత్ర. 2019లో మన దేశ ప్రైవేటు మార్కెట్లో అన్ని యాంటీబయాటిక్స్ కన్నా ఎక్కువ వాడింది ఈ 500 మాత్రనేనని 2022లో వచ్చిన ఒక స్టడీ తేల్చింది కూడా.

అసలు ఈ మాత్ర లోపలికెళ్ళి చేసే పనేంటో తెలిస్తే సగం మంది అడగడం మానేస్తారని మా నమ్మకం. బ్యాక్టీరియా బతకాలన్నా పెరగాలన్నా ప్రోటీన్లు కావాలి, వాటిని తయారుచేసే మిషన్ పేరు రైబోజోమ్. జంతికల గొట్టం ఊహించుకోండి, పిండి పైన పడుతుంటే కింద చిల్లులోంచి చుట్ట దిగుతుంది కదా, అజిత్రో వెళ్ళి ఆ చిల్లు దగ్గర అడ్డంగా కూర్చుంటుంది, చుట్ట కాస్త దిగగానే ఇరుక్కుపోతుంది. డాక్సీసైక్లిన్ చేసేది ఇంకో రకం, పిండి ముద్ద గొట్టంలో పడకుండా పైనే ఆపేస్తుంది. టీబీకి వాడిన స్ట్రెప్టోమైసిన్, ఆస్పత్రుల్లో ఎక్కించే అమికాసిన్ అయితే మిషన్ చేత తప్పుడు ప్రోటీన్లు చేయిస్తాయి, దాంతో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మన కణాల్లోనూ రైబోజోములున్నాయి కానీ వాటి మోడల్ వేరు, అందుకే మందు వాటి జోలికి పెద్దగా పోదు. ఈ మిషన్ లోపల ఏ అణువు ఎక్కడుందో చూపించినందుకే చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్‌కి, ఇంకో ఇద్దరికి 2009లో నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు జలుబు సంగతి. జలుబు తెచ్చేది వైరస్, దానికి సొంతంగా రైబోజోమే లేదు, మన కణంలో దూరి మన మిషన్ మీదే పని కానిచ్చుకుంటుంది. గొట్టమే లేని ఇంట్లో చిల్లు మూయడానికి మనిషిని పంపితే ఏం మూస్తాడు? ఊరికే ఉండడు సరికదా పేగుల్లో మన మానాన మనల్ని బతకనిచ్చే మంచి బ్యాక్టీరియా మీద పడతాడు. పైగా అజిత్రో మూడ్రోజులు మింగినా ఒంట్లో ఇంకా కొన్ని రోజులు కొద్ది కొద్దిగా మిగిలి ఉంటుంది. చంపడానికి చాలని ఆ డోసులోనే కొన్ని బ్యాక్టీరియా తట్టుకోవడం నేర్చుకుంటాయి, మందు కూర్చునే చోటే మార్చేస్తాయి.

అలాగని ఈ మందుల్ని తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. స్క్రబ్ టైఫస్ చూడండి, పొలాల్లో పొదల్లో ఉండే నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం, కొందరికి కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్ల మచ్చ పడుతుంది. ఆ జ్వరం తెచ్చే బ్యాక్టీరియా మన కణాల లోపలే దాక్కుంటుంది, పెన్సిలిన్ జాతి ఇంజెక్షన్లు ఎంత ఖరీదువి పొడిచినా కదలదు, డాక్సీసైక్లిన్ లాంటి చవక మాత్రకి లొంగుతుంది.

టైఫాయిడ్ కథ మాత్రం మనం మర్చిపోకూడనిది. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చాక ప్రాణాలు తీసే ఆ జ్వరం మాత్రలతో తగ్గే జ్వరం అయింది, అదీ రైబోజోమ్‌ని ఆపే మందే. 1972కల్లా కేరళలో దానికి లొంగని టైఫాయిడ్ తేలింది. ఆ తర్వాత వచ్చిన మందులు కూడా ఒక్కోటీ బలం పోగొట్టుకున్నాయి. 2016లో హైదరాబాద్‌లో, మనది కాదు, పాకిస్థాన్ సింధ్‌లోది, మొదలైన మొండి టైఫాయిడ్‌కి నోటితో మింగే మందుల్లో పనిచేసేది ఇక అజిత్రో ఒక్కటే మిగిలింది. మనం ముక్కు కారితే మింగేస్తున్నది ఆ మాత్రనే.

మందు దారి తప్పుతున్నది మనుషుల దగ్గరే కాదు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది, దాన్ని కనిపెట్టింది అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పనిచేసిన డగ్గర్ అనే శాస్త్రవేత్త, ఆ లెడర్లీ ల్యాబ్‌లో రీసెర్చ్ డైరెక్టర్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన అదే ఏడు పోయారు. 1950లో అదే కంపెనీ వాళ్ళు ఈ మందు మేతలో కలిపితే కోళ్ళు త్వరగా బరువెక్కుతాయని ప్రకటించారు, అప్పట్నించి యాంటీబయాటిక్ మేత సరుకైపోయింది. ఇప్పుడదే భీమవరం చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులు, చేపల చెరువులు. చెరువులో క్లోరాంఫెనికాల్ వాడకం నిషేధం, అయినా మందుల అవశేషాల అనుమానంతో 2016లో యూరప్ వాళ్ళు మన రొయ్యల్లో పరీక్షించే సరుకుని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. వాళ్ళ పళ్ళెం మీద వాళ్ళకి అంత పట్టింపు, మరి మన సంతలో చేపకి ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు?

అజిత్రో షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, యాంటీబయాటిక్ స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉండేది అందుకే. కానీ ఒక్క షాపుల మీద దాడులు చేస్తే సరిపోదు. పగలంతా కూలికెళ్ళి చీకటి పడ్డాక వచ్చే మనిషికి పీహెచ్‌సీ తాళం కనబడుతుంటే, ప్రైవేటు డాక్టర్ ఫీజూ టెస్టులూ కలిపి రోజు కూలి మింగేస్తుంటే అతను షాపుకి కాక ఎక్కడికెళ్తాడు? రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందు పీహెచ్‌సీల్లో సాయంత్రం ఓపీ నడపాలి. వైడాల్ అనే, తప్పుగా కూడా పాజిటివ్ చూపించే రక్త పరీక్ష ఒక్కటి పాజిటివ్ రాగానే టైఫాయిడ్ అని మందులు మొదలెట్టే అలవాటు మానేలా జిల్లాకొక చోటైనా బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష, ఉచితంగా చేయించాలి, రిపోర్టు చీటీ రాసిన డాక్టర్‌కి అందేలా చూడాలి. అది చేశాక ఇన్‌స్పెక్టర్లు షాపుకెళ్ళి చీటీ ఏదయ్యా అని అడిగితే షాపాయన దగ్గర సాకేమీ మిగలదు.