ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతోందా? ఆ మెసేజ్ చెప్పినట్టు మాత్రం చేయకండి

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. "ల్యాప్‌టాప్ వేడెక్కి దానంతటదే ఆగిపోతోందంటే లోపల ప్రాసెసర్ కాలిపోతోందని అర్థం! వెంటనే ఇలా చేయండి, నలుగురికీ పంపండి" అని మొదలవుతుంది. 70 డిగ్రీలు దాటితే ప్రమాదమట, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలట, గాలి కంతలకి వాక్యూమ్ క్లీనర్ ఆనించి దుమ్ము లాగేయాలట, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడి పైనున్న రాగి పలకకి దాటడానికి మధ్యలో రాసేది) లేకపోతే టూత్‌పేస్ట్ రాసుకోవచ్చట, కూలింగ్ ప్యాడ్ కొంటే ఇక ఈ సమస్య జన్మలో రాదట, ఇన్ని చేసినా ఆగిపోతుంటే మదర్‌బోర్డు పోయినట్టేనట. ఈసారి పంపింది మా బాబాయి. కింద ఒక లైను కూడా రాశాడు: "నాది కూడా ఇలాగే ఆగిపోతోందిరా, ఫ్రిజ్‌లో పెట్టేయనా?"

చుట్టాల్లో ఎవరి ల్యాప్‌టాప్ మొరాయించినా నా దగ్గరికే వస్తుంది కాబట్టి, ఈ చిట్కాలు పాటించాక వచ్చినవి కూడా కొన్ని విప్పి చూశాను. ఆ కోపంతోనే ఇది రాస్తున్నా.

ముందు ఆ "కాలిపోతోంది" సంగతి. నిజానికి ఆగిపోయేది కాలిపోకుండా ఉండటానికే. ప్రాసెసర్ లోపల ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు ఉంటాయి. మోడల్‌ని బట్టి 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఒక హద్దు ఉంటుంది, అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. వీడియో ఎడిట్ చేస్తుంటేనో గేమ్ ఆడుతుంటేనో ఉన్నట్టుండి అంతా నత్తనడక నడుస్తుంది చూడండి, అది ఇదే. వేగం తగ్గినా వేడి ఇంకా పైకి పోతుంటే అప్పుడు విండోస్‌ని అడగకుండా, ఫైలు సేవ్ చేసుకోనివ్వకుండా హార్డ్‌వేరే కరెంటు కట్ చేసేస్తుంది. అంటే మామూలుగా ముందు నెమ్మదించడం, ఆ తర్వాతే ఆగిపోవడం. మీ ల్యాప్‌టాప్ అసలు నెమ్మదించకుండా, ఫ్యాన్ కూడా గట్టిగా తిరగకుండా, ఖాళీగా ఉన్నప్పుడు ఫట్‌మని ఆరిపోతోందంటే నేనైతే వేడిని కాక వేరేదాన్ని అనుమానిస్తాను.

ఆ మెసేజ్‌లో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది ఇదే. ఆగిపోయింది కాబట్టి వేడే కారణం అని ముందే తేల్చేసింది. కొలిచి చూడమని ఒక్క ముక్క లేదు. కొలవడం పెద్ద పనేమీ కాదు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే సెన్సర్ల రీడింగులన్నీ చూపిస్తుంది. చూపించడంతో సరిపెట్టుకోకుండా లాగింగ్ ఆన్ చేస్తే రెండు సెకన్లకొకసారి ఆ అంకెలన్నీ ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. ల్యాప్‌టాప్ ఆగిపోయాక మళ్లీ ఆన్ చేసి ఆ ఫైల్లో చివరి లైన్లు చూడండి. 98, 99, 100 అని ఉందా, వేడే. 55, 60 దగ్గరుండగా ఫైలు తెగిపోయిందా, మీరు ఎంత పేస్ట్ మార్చినా, ఎన్ని ప్యాడ్లు కొన్నా దండగే.

విండోస్‌లో జరిగిన సంఘటనల చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ కూడా ఉంది గానీ దాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. అక్కడ కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది, పేరులో పవర్ ఉంది కదా అని వెంటనే ఛార్జర్ మార్చేస్తారు. పోయినసారి సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ అవ్వలేదు అన్నదొక్కటే ఆ 41 చెప్పేది, ఎందుకో చెప్పదు. అదే కెర్నల్ పవర్ పేరుతో 86 కనిపిస్తే మాత్రం అది వేడి వల్ల ఆగిపోయిన రికార్డు. అన్నిసార్లూ 86 నమోదు కాదు, అందుకే నేను లాగ్ ఫైల్నే ఎక్కువ నమ్ముతా. 41 వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (విండోస్ క్రాష్ అయితే నమోదయ్యే అంకె) సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయిందని అర్థం. అది డ్రైవరో, ర్యామో, మరొకటో, దాని దారి వేరు.

ఇక 70 డిగ్రీల భయం. ఖాళీగా ఉన్నప్పుడు 40, 50, పని ఎక్కువైతే 80, 90 అనేది నేటి సన్నటి ల్యాప్‌టాప్‌లకి మామూలు విషయం. 70 చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఏ ప్రోగ్రామూ తెరవకుండానే 80 దాటి కూర్చుంటే మాత్రం ఆలోచించాలి, అప్పుడు కూడా మొదట చూడాల్సింది టాస్క్ మేనేజర్. వెనకాల ఏదో అప్‌డేటో, పాడుబుద్ధి ప్రోగ్రామో ప్రాసెసర్‌ని తినేస్తూ ఉండొచ్చు, స్క్రూడ్రైవర్ దాకా పోనక్కర్లేకుండానే అక్కడే తేలిపోవచ్చు.

ఫ్రిజ్. దీని మీద ఎక్కువ రాయడం కూడా దండగ. చల్లబడ్డ వస్తువుని బయటికి తీస్తే దాని మీద నీటి బొట్లు పడతాయని చల్లటి నీళ్ల సీసా చూసిన ఎవరికైనా తెలుసు. అవే బొట్లు సర్క్యూట్ మీద, కనెక్టర్ల మధ్య పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అదీ కాక ల్యాప్‌టాప్ ఆరిపోయిన కొద్ది నిమిషాలకి ప్రాసెసర్ తనంతట తనే చల్లబడుతుంది. ఇబ్బందంతా ఆన్‌లో ఉన్నప్పుడు పుట్టే వేడి బయటికి పోకపోవడం, ఆఫ్ చేసి చల్లబరచడం కాదు.

ఆ వేడి బయటికి ఎలా పోవాలో ఒకసారి చూస్తే వాక్యూమ్ క్లీనర్ ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. ప్రాసెసర్ మీద రాగి పలక, దాని నుంచి రాగి గొట్టాలు, ఆ గొట్టాల చివర దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా లోహపు రేకులు, వాటి వెనక ఫ్యాన్. ఫ్యాన్ కిందనుంచి గాలి పీల్చి ఆ రేకుల మధ్యనుంచి బయటికి ఊదుతుంది. దుమ్ము, వెంట్రుకలు, బట్టల నూగు అంతా ఎక్కడ పేరుకుంటుందంటే సరిగ్గా ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య, లోపలివైపు. విప్పి చూస్తే కంబళి ముక్కలా మందంగా ఒక పొర ఊడొస్తుంది. ఆ పొర బయట కంతల్లోంచి కనిపించదు, ఆ రేకుల సందుల్లోంచి లాగితే రాదు. క్లీనర్ లాగే గాలికి ఫ్యాన్ ఎప్పుడూ తిరగనంత వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతినొచ్చు, పైగా ప్లాస్టిక్ గొట్టం దగ్గర పుట్టే స్టాటిక్ కరెంటు చిప్‌లకి మంచిది కాదు. బయటినుంచి గాలి ఊదినా అంతే, పొర తిరిగి ఫ్యాన్ మీద పడుతుంది.

సరైన పద్ధతి కింది మూత విప్పడమే. వారంటీ ఉంటే మీరు విప్పకండి, కంపెనీ వాళ్ల చేతే చేయించుకోండి. లేకపోతే షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, మూత తీశాక మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఫ్యాన్ రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో, గాలి డబ్బాతో (దుమ్ము ఊదడానికి అమ్మే స్ప్రే డబ్బా) శుభ్రం చేయండి. డబ్బా నిటారుగా పట్టుకోవాలి, వంచితే గాలి బదులు ద్రవం కారుతుంది. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు, ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూని ఆ చోట గుచ్చి పెట్టుకోండి. పొడుగు స్క్రూని పొట్టిదాని కంతలో బిగించి టచ్‌ప్యాడ్ పక్కన బుడిపె తెప్పించిన ఘనత నాకూ ఉంది.

టూత్‌పేస్ట్ చిట్కా ఇన్నాళ్లు బతికి ఉండటానికి ఒక కారణం ఉంది: మొదట్లో అది పనిచేస్తుంది! చిప్‌కీ రాగి పలకకీ మధ్య కంటికి కనపడని సందుల్లో గాలి ఉంటుంది, దాని స్థానంలో ఏ తడి పదార్థం నింపినా వేడి కాస్త మెరుగ్గానే దాటుతుంది. రాసిన రోజున ఉష్ణోగ్రత తగ్గడం చూసి జనం సంబరంగా అందరికీ చెప్పేస్తారు. టూత్‌పేస్ట్‌లో నీళ్లుంటాయి, ఆ వేడికి ఆరిపోయి పెళుసుగా పగిలి మళ్లీ గాలి సందులే మిగులుతాయి. అలా వచ్చిన ఒక ల్యాప్‌టాప్‌లో పలక ఎత్తగానే సున్నంలా పొడి రాలింది, మొత్తం గీకడానికి పేస్ట్ మార్చడం కంటే రెట్టింపు సమయం పట్టింది. మార్చాలనుకుంటే అసలు థర్మల్ పేస్టే తెచ్చుకోండి. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ పైభాగమంతా కప్పేలా పలచగా రాయండి, పలక స్క్రూల పక్కన అంకెలుంటే ఆ వరసలోనే కొంచెం కొంచెంగా బిగించండి. పక్క చిప్‌ల మీద రబ్బరులా మెత్తటి ప్యాడ్లు ఉంటాయి, వాటి చోట పేస్ట్ పెట్టకూడదు, ఆ ఖాళీని అది నింపలేదు. పేస్ట్ బదులు వాడే ద్రవ లోహం, లిక్విడ్ మెటల్, దాని జోలికి మొదటిసారే పోవద్దు. అందులో ఉండే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పక్కకి జారితే షార్ట్ చేస్తుంది.

కూలింగ్ ప్యాడ్ మీద నాకు పెద్ద పగేం లేదు. గాలి కంతలు అడుగున ఉన్నవాటికి కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది. ల్యాప్‌టాప్ వెనక అంచు కింద ఒక పుస్తకం పెట్టి ఎత్తు చేసినా చాలావరకు అదే ఫలితం. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడటం మానేస్తే ఇంకా మంచిది. లోపల ఆ కంబళి పొర ఉన్నంతకాలం కింద ఎన్ని ఫ్యాన్లు తిరిగినా ఒకటే.

మెసేజ్‌లో లేని ఒక ఉచిత పద్ధతి చెబుతా, శుభ్రం చేసేలోపు పని గడవడానికి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 శాతం ఉంటుంది, దాన్ని 99 చేయండి. చాలా ల్యాప్‌టాప్‌లలో దీనితో టర్బో (ప్రాసెసర్ మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం) ఆగిపోయి, వేగం కొంత తగ్గినా వేడి బాగా దిగుతుంది.

మదర్‌బోర్డు పోయిందనే తీర్పుకి వచ్చేముందు ఇంకొకటి చూడాలి, బ్యాటరీ. ఛార్జర్ పెడితే గంటలు నడిచి, తీసేస్తే 40 శాతం దగ్గరే ఆరిపోతుంటే దాని సంగతి తేల్చుకోండి. పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతోంది పక్కపక్కనే చూపిస్తుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా మాత్రం రిపోర్టులూ లాగులూ వద్దు. ఛార్జర్ తీసేసి వాడకం అక్కడితో ఆపండి, ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు, గుచ్చొద్దు, తెలిసినవాళ్ల చేత తీయించండి.

బాబాయి ల్యాప్‌టాప్‌లో లాగ్ ఫైల్ చివరి లైన్ 58 డిగ్రీలు. ఛార్జర్ మీద మూడు గంటలు నడిచింది, తీసిన ఐదు నిమిషాలకి ఆరిపోయింది. రిపోర్ట్‌లో బ్యాటరీ సామర్థ్యం సగానికి సగం కూడా లేదు. ఉబ్బలేదు కాబట్టి బ్యాటరీ ఒక్కటి మార్పించాం, ఆగడం మానేసింది. "అయితే ఆ మెసేజ్ తప్పంటావా?" అన్నాడు. అవును బాబాయ్, అన్నాను. అప్పటికే ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టేశాడట.