భోజనాల బల్ల గారికి, ఖాళీ చేస్తున్నామని తెలియజేస్తూ

మహారాజశ్రీ భోజనాల బల్ల గారి సముఖానికి, ఇంట్లో బుల్లి కొయ్య ఓడల నమూనాలు కట్టుకునే అద్దెదారులు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి.

మీ పోర్షన్ ఖాళీ చేస్తున్నాం. అడ్వాన్సు మేము కట్టలేదు కాబట్టి మీరు తిరిగి ఇవ్వాల్సిందీ లేదు. అయితే కారణాలు చెప్పకుండా వెళ్తే బాగుండదు కదా.

రోజుకు మూడు పూటలా ఖాళీ చేయాలన్నది మీ ఇంటి షరతు. తెల్ల జిగురు షరతు వేరు. అరగంటైనా క్లిప్పులతో బిగించి ఉంచాలి, పూర్తి బలం రావాలంటే 24 గంటలు కదపకూడదు. పప్పు దింపేలోగా కీల్‌కి (ఓడ అడుగున ఉండే వెన్నుకర్ర) బల్క్‌హెడ్లు (దాని మీద నిలబెట్టే అడ్డు పలకలు) అంటుకోవు. కంచాలు వస్తున్నాయని అస్థిపంజరాన్ని క్లాంపు విప్పి బీరువా మీదికి ఎక్కిస్తే, పైన సన్నటి కొయ్య పట్టీలు ఇంకా పడని ఆ ఓడ ఒళ్లు మెలి తిరుగుతుంది. చేతిలో ఉన్నప్పుడు తెలియదు. పట్టీలన్నీ వేశాక ముక్కు వైపు నుంచి ఒంటికన్నుతో చూస్తే ఓడ అరటికాయలా కనిపిస్తుంది. ఇక దాన్ని సరిచేసే మందు లేదు.

పట్టీల దగ్గర మీ దౌర్జన్యం ఇంకా ఎక్కువ. ఎడమ పక్క ఒకటి వేస్తే కుడి పక్క దాని జోడు వెంటనే పడాలి. 1.5 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పు ఉన్న పట్టీని అరగంట నానబెట్టి వంచుతాం. ఆరుతూ అది తనవైపు లాగుతుంది. ఎడమ ఐదు, కుడి రెండు పడేసరికి “వడ్డిస్తున్నారు, తీసేయండి” అంటారు మీరు. భోజనం ముగిసేసరికి ఆ ఐదూ కలిసి కీల్‌ని తమవైపు తిప్పేసి ఉంటాయి. పోనీ తొందరపడి తడి మీదే అతికించేద్దామా? ఉబ్బిన కొయ్య ఆరాక సన్నబడుతుంది, పట్టీల మధ్య సందులు తెరుచుకుంటాయి. వంచాక ఒళ్లుకి క్లిప్పులతో బిగించి, రాత్రంతా ఆరనిచ్చి, తర్వాతే జిగురు పెట్టాలి. రాత్రంతా అంటే మీ లెక్కలో టిఫిను వేళ దాకా కూడా కాదు.

హెచ్‌ఎంఎస్ విక్టరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకకి 1759లో కీల్ వేసి 1765లో నీట దించారు. మధ్యలో ఎవరూ ఇడ్లీలకు చోటు అడగలేదు. 1922 నుంచి అది పోర్ట్స్‌మత్ డ్రై డాక్‌లోనే ఉంది, పెరుగన్నం వేళ పక్కకు జరపమన్నవాడు లేడు. అంత దూరం దేనికి, మన కాకినాడ దగ్గర తాళ్లరేవులో కొయ్య ఓడలు కట్టే వడ్రంగులు ఏటి ఒడ్డున ఓడని ఒకచోట నిలబెట్టి దాని చుట్టూ తాము తిరుగుతారు. నీట దిగే రోజు దాకా ఓడ కదలదు. మీ ఇంట్లో మేం కూర్చునే ఉంటాం, ఓడ తిరుగుతుంది.

నూనె సంగతి. పోపు చిటపటలు మీ మీద పొరగా పేరుకుంటాయి. తడిగుడ్డ దాన్ని తీయదు, పరుస్తుంది. ఆ మరక తగిలిన కొయ్యని జిగురు పట్టదు, రంగు చేపకన్నుల్లా విడిపోతుంది. తెరచాప గుడ్డకి పసుపు అంటితే ఆ ఓడ పెళ్లికి బయల్దేరినట్టే.

మీకు న్యాయం కూడా చేయాలి. మీలో గాజు పలక వాళ్లు నిజంగా చదునుగా ఉంటారు. గుండుసూది మాత్రం దిగనివ్వరు. కొయ్యవాళ్ల నిజాయితీ తెలియాలంటే రెండు పొడుగాటి స్కేళ్లు తెచ్చి, రెండు చివర్లా అంచు మీద నిలబెట్టి, ఒకదాని మీదుగా రెండోదాన్ని చూడాలి. అంచులు సమాంతరంగా లేకపోతే మీకు మెలిక ఉన్నట్టు, అది ఓడకీ వస్తుంది.

మీ నెత్తి మీది సీలింగ్ ఫ్యాను గారు కూడా ఈ లేఖకు పాత్రులే. ఓడ తాళ్లు నడిపే 2 మి.మీ. కప్పీలు ఆయనకి వడ్లపొట్టుతో సమానం. ఆయన పక్కనున్న ట్యూబులైటు మా చేతి నీడనే మా పని మీద వేస్తుంది. నీడలు చంపాలంటే ఎడమ, కుడి రెండు దీపాలు కావాలి.

వెళ్లే చోటు చెబుతాం, అసూయ పడొద్దు. గది మూలన నాలుగడుగులు బై రెండడుగుల 19 మి.మీ. ప్లైవుడ్, గోడకి ఎల్ బ్రాకెట్లు. కూర్చుంటే మోచేతి కంటే 5 నుంచి 10 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, మెడ వంచక్కర్లేదు. (మీ ఎత్తు అన్నం కలుపుకోవడానికి సరిపోతుంది, తాళ్లు ముడివేయడానికి కాదు.) మూడు వైపులా సెంటీమీటరు బీడింగు, డోవెల్ కర్రలు (సన్నటి గుండ్రని కర్రలు) దొర్లిపోకుండా. ముందంచుకి ఒక గుడ్డ బిగించి ఒడిలోకి వదులుతాం, కంసాలి రజను పోనివ్వనట్టు. ఓడ నిలబడే పలక వేరే: 18 మి.మీ. మందం, మధ్యగీత, కీల్‌ని నిలువుగా పట్టే రెండు బిగింపులు. ఎప్పుడైనా జరపాల్సి వస్తే పలకతో సహా జరుగుతుంది, ఒళ్లు విడిగా కదలదు. మీటరు పొడుగు పట్టీలు రెండంగుళాల పీవీసీ గొట్టంలో, మూతలు పెట్టి, పడుకోబెట్టి. గోడకి ఆనించి నిలబెడితే వాటంతట అవే విల్లులవుతాయి. రాపిడి పని బాల్కనీలో, మాస్కుతో. ఆ పొడి తాళ్ల మీదా, ఆరని రంగు మీదా కూర్చుంటే మళ్లీ వదలదు.

పైన అర వేసేటప్పుడు తొందరపడకూడదు. 1:72 లెక్కన, అంటే అసలులో 72వ వంతుగా కడితే, విక్టరీ ముక్కు కర్రతో కలిపి మీటరుంపావు దాటుతుంది, ఎత్తు దాదాపు మీటరు. ఈ కొలతలు మొదటి రోజే గోడ మీద పెన్సిలుతో గీసుకోవాలి. తలుపులోంచి బయటికి వస్తుందా లేదా అన్నది తెరస్తంభాలు నిలబెట్టాక చూసుకునే సంగతి కాదు.

మీ పాలిష్ మీద ఉన్న తెల్ల మచ్చ సూపర్ గ్లూది. అసిటోన్ దాన్ని తీస్తుంది, పాలిష్‌నీ తీస్తుంది, అందుకే ముట్టుకోలేదు. గ్లూ సీసా మీ పొరుగు ఫ్రిజ్‌లోంచి కూడా తీసేశాం. అక్కడ ఐ డ్రాప్స్ పక్కన నిలబడి ఉంది, ఆ స్నేహం మంచిది కాదు. ఇకపై సిలికా జెల్ వేసిన గట్టి డబ్బాలో ఉంటుంది.

ఇట్లు,
మీ మాజీ అద్దెదారులు

తా.క. మీ కాళ్ల దగ్గర ఎక్కడో ఒక 2 మి.మీ. కప్పీ ఉండాలి. లైట్లు ఆర్పి, టార్చిని నేల మీద పడుకోబెట్టి వెలిగిస్తే దాని నీడ పొడుగ్గా పడుతుంది. అప్పటికీ దొరక్కపోతే వాక్యూమ్ క్లీనర్ మూతికి పాత మేజోడు తొడిగి లాగండి. దొరికితే చీపురుకి చెప్పకుండా మాకు పంపగలరు.