మామగారు, నెబ్బియోలో, తెల్ల పంచె

ఆస్ట్రేలియా కింగ్ వ్యాలీలో ఒంగోలు మామగారి కంట పడేది ముందు ద్రాక్షతోట కాదు, పొగాకు ఆరబెట్టే బ్యారన్. మెల్‌బోర్న్ నుంచి మూడు గంటలకు పైగా కునుకు తీసిన మనిషి, విట్‌ఫీల్డ్ దగ్గర్లో పాతబడ్డ ఆ రేకుల కొట్టాన్ని చూసి లేచి కూర్చుంటారు. "ఇవి మన బ్యారన్లే గదా అల్లుడుగారూ!"

ఆయన పొరబడలేదు. ఇటలీ నుంచి వలసొచ్చిన కుటుంబాలు ఈ లోయలో ఏళ్ల తరబడి పొగాకే పండించాయి. దానికి రోజులు చెల్లేసరికి అవే చేలల్లో తమ దేశపు ద్రాక్షలు వేసుకున్నాయి: సాంజొవేసే, బార్బెరా, నెబ్బియోలో. ప్రొసెక్కో తీగ ఆస్ట్రేలియాలో మొదటిసారి పాతుకున్నదీ ఇక్కడే, 1999లో. పొగాకు రైతు పెట్టిన వైన్‌ని పొగాకు రైతు అనుమానిస్తాడా? అసలు చిక్కంతా ఆ నమ్మకంతోనే మొదలైంది.

వైన్ రుచి చూపించి అమ్మే చోటును అక్కడ సెల్లర్ డోర్ అంటారు. గ్లాసులో పోసేది 30 మిల్లీలీటర్లకు మించదు. గ్లాసును కాడ దగ్గర పట్టుకుని రెండు చుట్లు తిప్పాలి, వాసన చూడాలి, చిన్న గుక్క తీసుకుని నాలుక నిండా తిప్పి, పక్కనున్న బకెట్లో ఉమ్మేయాలి. ఆ బకెట్ పెట్టింది ఉమ్మడానికేనని అల్లుడు చెవిలో చెప్పాడు.

"పెట్టినోళ్ల ముందే ఉమ్ముతామా? ఏం మర్యాద అది!"

మర్యాదస్తులు కాబట్టి ఆరు రకాలూ మింగారు. ఆరు ముప్ఫైలు నూటఎనభై. ఆస్ట్రేలియా లెక్కలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్, అంటే ఈ వైన్ వంద మిల్లీలీటర్లకు అటూ ఇటూ. ఈ లెక్కన మధ్యాహ్నానికే రెండు లోపలికి వెళ్లాయి. కారు తోలేది కూతురు కాబట్టి ఎవరికీ బాధ లేదు.

నోరు జివ్వుమనే పులుపుందని సాంజొవేసేని పక్కన పెట్టారు. బార్బెరా ముదురు రంగు చూసి "ఇది ఘాటు సరుకు" అని తేల్చేశారు. చివర్న నెబ్బియోలో వచ్చింది. గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనపడేంత పలచన, అంచున ఇటుక రంగు. "ఇది ఆడవాళ్లు కూడా తాగొచ్చు, నీళ్లలా ఉంది" అని సీసా కొనిపించారు. అత్తగారు ఆ మాట విననట్టు ఊరుకున్నారు.

రంగుకూ వగరుకూ పొత్తు లేదు, ఎరుపు వైన్ దగ్గర జనం బోల్తా పడేది ఇక్కడే. రంగు తొక్కలోని ఆంథోసయనిన్లనే వర్ణకాలది. నెబ్బియోలోలో అవి తక్కువ, ఉన్నవీ తొందరగా వెలిసిపోతాయి. వగరు టానిన్లది. అవి తొక్కలోనూ గింజల్లోనూ ఉంటాయి, ఈ ద్రాక్షలో దండిగా. బార్బెరా సరిగ్గా దీనికి ఎదురు: రంగు ముదురు, పులుపు ఎక్కువ, వగరు మాత్రం తక్కువ. మామగారు ఎంచింది తలకిందుల ఎంపిక అన్నమాట.

సీసా మీద '8.3' అని ఉంటే "పదికి 8.3 మార్కులా? ఫస్టు క్లాసే!" అన్నారు. అది సీసాలో ఎన్ని స్టాండర్డ్ డ్రింకులున్నాయో చెప్పే అంకె. 14 శాతం వైన్ 750 మిల్లీలీటర్లుంటే అంతే వస్తుంది.

ఆ మార్కుల సీసా అక్కడి నడివేసవి జనవరి ఎండలో కారు డిక్కీలో రెండు గంటలు ఉడికింది. సాయంత్రం అద్దె కాటేజీ వరండాలో అల్లుడు కార్క్‌స్క్రూ తీశాడు. సీసాకు ఉన్నది తిప్పుడు మూత. 2000లో ఆ దేశపు క్లేర్ వ్యాలీలో రీస్లింగ్ అనే తెల్ల వైన్ చేసేవాళ్లు కూడబలుక్కుని ఆ మూతకు మారాక, ఆస్ట్రేలియా సీసాల్లో చాలావాటికి కార్క్ మాయమైంది. కార్క్‌స్క్రూ మళ్లీ జేబులోకి వెళ్లింది.

ఎరుపు వైన్ 'గది వేడి'లో తాగాలంటారు గానీ, ఆ మాట పుట్టినవి చలిదేశపు గదులు. అసలు కావలసింది 16 నుంచి 18 డిగ్రీలు. అంతకన్నా వేడెక్కితే వాసన మొత్తం ఆల్కహాలే మింగేస్తుంది. మంచు, నీళ్లు సగంసగం నింపిన బకెట్లో పదిహేను నిమిషాలుంచితే సరిపోయేది. ఒట్టి మంచు ముక్కలు చాలవు, మధ్యలో గాలి ఉంటే సీసా చప్పున చల్లబడదు. ఇవేవీ జరగలేదు. పైగా పోసింది స్టీలు గ్లాసుల్లో, ఆ పక్కనే మిరపకాయ బజ్జీల పళ్లెం.

మామగారు బజ్జీ సగం కొరికి, మంట తగ్గుతుందని స్టీలు గ్లాసు ఎత్తి గడగడా తాగారు.

మిరపకాయ ఘాటు నోట్లో ఏ మీట నొక్కుతుందో, వేడి వస్తువూ అదే మీట నొక్కుతుంది. ఆల్కహాల్ ఆ మీటను ఇంకా వదులు చేస్తుంది. 14 శాతం ఆల్కహాల్‌కు కారాన్ని కడిగేసే బలమేమో లేదు. ఇక టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టి ముద్ద కట్టేస్తే, నోట్లో ఉన్న ఆ కాస్త జారుడూ పోతుంది. పచ్చి అరటికాయ కొరికి, దాని మీద నిప్పు పెట్టుకున్నట్టయింది ఆయన పని. కళ్లు ఎర్రబడ్డాయి, పెదాలు కదిలాయి, మాట రాలేదు. చేతిలోని గ్లాసు మాత్రం పంచె మీదికి వొలికింది.

"మజ్జిగ తాగండి!" అన్నారు అత్తగారు. ఆ సాయంత్రం మొత్తంలో సరైన సలహా అదొక్కటే. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ కారాన్ని పట్టుకుపోతుంది, మంచినీళ్లకు ఆ పని చేతకాదు.

ఆ జోరులోనే ఆవిడ పంచె లాగి బట్టల సబ్బు రుద్దారు. ఎర్రటి మరక కళ్లముందే నీలంగా తిరిగింది. ఆంథోసయనిన్ పులుపులో ఎరుపు, క్షారంలో నీలం. సబ్బు బిళ్ల క్షారమే. రుద్దడంతో అది నూలు పోగుల్లోకి ఇంకా దిగింది.

"ఏందమ్మా ఇది, ఇంకు పోశారా ఇందులో?" గొంతు వచ్చాక మామగారి తొలి మాట.

నిజానికి రుద్దకూడదు. పొడిగుడ్డ అద్ది పీల్చుకోనిచ్చి, చన్నీళ్లు పోయాలి. తెల్ల నూలు బట్టయితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు పాళ్లు, గిన్నెలు తోమే ద్రవం సబ్బు ఒక పాలు కలిపి అరగంట ఉంచి జాడించాలి. రంగు బట్టల జోలికి ఆ మందు తీసుకుపోకూడదు, రంగూ పోతుంది. మరక పూర్తిగా వదలకుండా ఇస్త్రీ అస్సలు వద్దు.

కూతురు ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి పెరాక్సైడ్ తెచ్చింది. రెండు విడతల్లో నీలం వదిలి లేత పసుపు మిగిలింది. మూడో విడతకు మందు అయిపోయింది.

నెబ్బియోలో తప్పేమీ లేదు. మర్నాడు చల్లబరిచి, కారం తగ్గించి నెయ్యితో వండిన వేటమాంసం పక్కన పోస్తే ఆ టానిన్లు మాంసకృత్తులకూ కొవ్వుకూ తగులుకుని నోటిని వదిలేశాయి. బజ్జీలకు బార్బెరానే, అదీ ఇంకాస్త చల్లగా. ఆ మాట అల్లుడు చెప్పబోతే మామగారు చెయ్యెత్తి ఆపారు.

"ఆ ముదురుదా? వద్దులే అల్లుడుగారూ, చూస్తేనే ఘాటుగా ఉంది."