"మీరేమన్నా పోలీసోళ్లా?"

పొద్దున్నుంచి ఒళ్లు మండిపోతోంది. బడి టైముకి హైదరాబాద్-విజయవాడ హైవే మీద పిల్లల్ని దాటిస్తుంటే ఒకాయన కారు అద్దం దించి మా పెద్దనాన్నను అన్న మాట ఇది. "మీరేమన్నా పోలీసోళ్లా? జరుగు ముసలోడా, లేటైతుంది!"

కాదు సార్. పోలీసులు ఉంటే మాకెందుకీ తిప్పలు? మీరు ముసలోడన్న మనిషి ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యాడు. ఒక్క యాక్సిడెంట్ కూడా చేయలేదని డిపోలో శాలువా కప్పారు. మోకాళ్లు నొప్పులు పెడుతున్నా, పాత ఎర్ర చీర పేలిక కట్టిన కర్ర పట్టుకుని రోజూ నిలబడతాడు. జీతమా భత్యమా?

నాలుగు లైన్ల హైవే మీద కార్లు 100 దాకా పోవచ్చని 2018లో కేంద్రమే చెప్పింది. పొండి, ఎవరొద్దన్నారు? ఊరు వచ్చినప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాస్త కాలు తీయమంటున్నాం. టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ పనిచేయకపోతే ఇదే పెద్దమనిషి నోరు మూసుకుని కూర్చుంటాడు. పిల్లలు దాటే అర నిమిషానికే కొంపలు మునుగుతాయి. ఇక సంక్రాంతి సంగతి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ అంతా విజయవాడ వైపు పరుగో పరుగు. మధ్యలో ఉన్న ఊళ్లలో మనుషులు ఉండరనుకుంటారో ఏమో!

స్పీడ్ బ్రేకర్ అడిగితే నేషనల్ హైవే మీద వేయకూడదన్నారు. సరే, రూలు రూలే. మరి అండర్‌పాస్ ఏదీ? రోడ్డుకి పొలాలు తీసుకున్నప్పుడు తలూపినవాళ్లు ఇప్పుడు ఫోనెత్తరు. ఊరు ఈ పక్క, బడి ఆ పక్క. 2012 నుంచి టోల్ మాత్రం ఒక్క రోజు ఆలస్యం కాకుండా వసూలవుతోంది. ఈ హైవే మీద 17 బ్లాక్ స్పాట్లు, అంటే యాక్సిడెంట్లు ఎక్కువయ్యే చోట్లు, గుర్తించి పనులు మొదలుపెట్టారు. మా ఊరు అందులో లేదు. 500 మీటర్ల లోపల మూడేళ్లలో ఐదు పెద్ద యాక్సిడెంట్లో, పది చావులో లెక్క తేలాలట. మా కోటా ఇంకా నిండలేదన్నమాట!

బండ్లు నెమ్మదించాలని రోడ్డు మీద పెట్టే డ్రమ్ములు మేమే తెచ్చాం. ఇసుక నింపి, రేడియం స్టిక్కర్లు అంటించింది మా కుర్రాళ్లు. మర్నాటికల్లా పక్కనే ఫ్లెక్సీ లేచింది, "ప్రజల ప్రాణాలకు అండగా" అని, నమస్కారం పెడుతున్న మా నాయకుడి ఫొటోతో. ఆయన ఒక్కరోజైనా వచ్చి జెండా పట్టుకున్నాడా? పైగా దాన్ని సరిగ్గా మలుపులో కట్టారు, వచ్చే బండి కనపడకుండా. రేపు పొద్దున్నే వెళ్లి నేనే పీకేస్తా. ఎవరేం చేస్తారో చేసుకోండి.