వేడికి పోయినవాళ్లని ముందు లెక్కపెట్టండి

వడగాలులకి ఎంతమంది చనిపోయారు అని అడిగితే ఏ దేశంలో అయినా మొదట వచ్చే నంబర్ చాలా చిన్నగా ఉంటుంది. డాక్టర్ వడదెబ్బ అని రాయాలంటే ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతూ, స్పృహ తప్పిన మనిషి ఆ స్థితిలో ఆస్పత్రికి చేరాలి. అలా చేరేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్ల విషయంలో జరిగేది వేరే, ఒంట్లో వేడిని బయటికి పంపడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది, దాంతో గుండె మామూలు కంటే చాలా ఎక్కువ పని చెయ్యాలి, చెమటతో నీళ్లు పోయి రక్తం చిక్కబడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, అప్పటికే గుండె జబ్బో షుగరో ఉన్న ఒక పెద్దాయన రాత్రి నిద్రలోనే పోతాడు, సర్టిఫికెట్ మీద గుండెపోటు అని పడుతుంది. అది అబద్ధమేం కాదు. కానీ ఆ వారం అంత వేడి లేకపోతే ఆయన ఇంకా బతికుండేవాడు కదా, ఆ సంగతి మాత్రం ఏ రికార్డులోనూ ఉండదు.

క్లైమేట్ చేంజ్ మీద హెల్త్ పాలసీ మొదలవ్వాల్సింది ఇక్కడే అని నేను గట్టిగా నమ్ముతాను. లెక్కలో లేని చావుకి బడ్జెట్ రాదు, ఆ చావుకి ఏ ఆఫీసరూ జవాబు చెప్పక్కర్లేదు.

లెక్కపెట్టడం పెద్ద కష్టం కూడా కాదు. మామూలు ఏళ్లలో ఆ రోజుల్లో ఎంతమంది చనిపోతారో చూసి, వేడి ఏడాదిలో ఎంతమంది పోయారో పక్కన పెడితే తేడా కనిపిస్తుంది. 2010 మేలో అహ్మదాబాద్‌లో టెంపరేచర్ 46.8 డిగ్రీలకి వెళ్లింది, తర్వాత పరిశోధకులు ఇలాగే లెక్క తీస్తే ఆ ఒక్క నెలలో మామూలు కంటే 1,344 మంది ఎక్కువ చనిపోయారని తేలింది. ఆ నంబర్ ముందుంటే ఇక ఎవరూ పక్కకి తప్పుకోలేరు, 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే మొదటి హీట్ యాక్షన్ ప్లాన్ తెచ్చింది, ముందస్తు హెచ్చరికలు, ఆస్పత్రి సిబ్బందికి ట్రైనింగ్, ఏ డిపార్ట్‌మెంట్ ఏ రోజు ఏం చెయ్యాలో అన్నీ రాసిపెట్టుకున్నారు. ప్లాన్ వచ్చాక ఏడాదికి సగటున వెయ్యికి పైగా మరణాలు తప్పాయని ఇంకో అధ్యయనం అంచనా వేసింది.

2003లో యూరప్‌ది కూడా ఇదే కథ. ఆ వేసవిలో 70 వేలకి పైగా ఎక్కువ మరణాలు, ఒక్క ఫ్రాన్స్‌లోనే దాదాపు 15 వేలు, ఎక్కువమంది ముసలివాళ్లు, చాలామంది ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్లు. తర్వాత ఫ్రాన్స్ కేవలం హెచ్చరికలతో ఆగలేదు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పేర్లు మున్సిపాలిటీల దగ్గర రిజిస్టర్ చేసుకుని వేడి పెరిగిన రోజుల్లో వాళ్లకి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కునే ఏర్పాటు చేసింది, పెద్దవాళ్ల సంరక్షణకి కావాల్సిన డబ్బు కోసం ఉద్యోగులు ఏడాదికి ఒక రోజు జీతం లేకుండా అదనంగా పనిచేసేలా 2004లో చట్టమే తెచ్చింది. నాకు ఇందులో బాగా నచ్చేది ఆ ఫోన్ కాల్. ఎందుకంటే 2021లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేడికి 619 మంది చనిపోతే వాళ్లలో 98 శాతం ఇంటి లోపలే పోయారు, సగానికి పైగా ఒంటరిగా ఉండేవాళ్లు. ఎండలోకి వెళ్లకండి అని టీవీలో స్క్రోలింగ్ వేస్తే వీళ్లకి ఏం ఉపయోగం చెప్పండి, వాళ్లు అసలు ఎండలోకి వెళ్లనే లేదు.

హెచ్చరికల్లో కూడా ఒక పెద్ద లోపం ఉంది, చాలాచోట్ల అవి పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత చుట్టూనే తిరుగుతాయి. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తేమ లెక్క కూడా కలిసిన వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే మనిషి తట్టుకోలేడని 2010లో సిద్ధాంతపరంగా చెప్పారు, కానీ 2022లో ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద ల్యాబ్‌లో పరీక్షిస్తే తేమ ఎక్కువున్న వాతావరణంలో దాదాపు 31 దగ్గరే శరీరం చేతులెత్తేసింది. ఇక రాత్రి కూడా చల్లబడకపోతే పగలు అలిసిపోయిన గుండెకి విశ్రాంతే దొరకదు, అందుకే హెచ్చరిక ఇచ్చేటప్పుడు రాత్రి ఉష్ణోగ్రత, తేమ రెండూ చూడాలి.

బయట పనిచేసేవాళ్లకైతే సలహాలు అసలు పనిచెయ్యవు. పని మానేస్తే కూలి పోతుంది, కాబట్టి మానరు. మధ్య అమెరికా దేశాల చెరకు తోటల్లో షుగరూ బీపీ లేని వయసు కుర్రాళ్లకి కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి, వేడిలో గంటల తరబడి బరువు పని చెయ్యడం అందులో ఒక ముఖ్య కారణం అంటున్నారు. ఖతార్ 2021లో ఒక రూల్ పెట్టింది, వేడి, తేమ, ఎండ, గాలి అన్నీ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే బయట పని ఆపెయ్యాల్సిందే. ఇలా అంకెతో చట్టంలో ఉంటేనే కార్మికుడు ధైర్యంగా అడగగలడు, దాంతోపాటు ఆగిన గంటలకి కూలి కూడా ఇవ్వాలి, లేకపోతే ఆ రూల్ భారం మళ్లీ పేదవాడి మీదే పడుతుంది.

క్లైమేట్ చేంజ్ దెబ్బ వేడి ఒక్కటే అని కాదు, 2022 వరదల తర్వాత పాకిస్తాన్‌లో మలేరియా కేసులు సుమారు 5 లక్షల నుంచి 26 లక్షలకి పెరిగాయి, వరద నీళ్లు నిలిచిన చోట దోమలు పెరుగుతాయన్నది ముందే తెలిసిన విషయమే. క్లైమేట్ చేంజ్ వల్ల 2030 నుంచి 2050 వరకు ఏడాదికి సుమారు 2.5 లక్షల అదనపు మరణాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అదీ పోషకాహార లోపం, మలేరియా, డయేరియా, వేడి అనే నాలుగు కారణాలు మాత్రమే లెక్కేస్తే.

2023లో దుబాయ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్28లో మొదటిసారి ఆరోగ్యానికంటూ ఒక రోజు కేటాయించారు, క్లైమేట్, ఆరోగ్యం మీద ఒక డిక్లరేషన్‌కి 120కి పైగా దేశాలు మద్దతు తెలిపాయి. మంచిదే. ఇప్పుడు ఆ దేశాల్ని అడగాల్సింది చాలా మామూలు విషయం, వేసవిలో ప్రతి వారం మొత్తం ఎంతమంది చనిపోయారు, మామూలు ఏళ్ల కంటే ఎంత ఎక్కువ, ఏ వయసువాళ్లు, ఏ ఏరియాలో, ఈ లెక్క వేసవి అయిపోయాక రెండేళ్లకి రిసెర్చ్ పేపర్లో కాకుండా ఆ వారమే బయటపెట్టండి, అప్పుడు ఇంకా వేడి ఉండగానే ఏ వీధికి మనుషుల్ని పంపాలో తెలుస్తుంది.