సవరణ: సోలార్ సబ్సిడీ ఇచ్చేది రాష్ట్రం కాదు

ఇంటిపై సోలార్ పెట్టుకుంటే తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం కిలోవాట్‌కు 78 వేల రూపాయల చొప్పున సబ్సిడీ ఇస్తోందని, ఆ ఖర్చుకు లెక్క చెప్పాలని మొన్నటి పోస్టులో రాశాను. ఇచ్చేదెవరో తప్పు రాశాను, ఎంతో కూడా తప్పు రాశాను.

ఆ డబ్బు కేంద్రానిది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు ఇస్తారు. ఇంటికి ఎంత పెద్ద ప్లాంటు పెట్టుకున్నా 78 వేలు దాటదు. మల్కాజిగిరిలో మా పక్కింటి ఆంటీ పాస్‌బుక్ పట్టుకొచ్చి, జమ అయిన వరుస మీద వేలు పెట్టి చూపించారు: మూడు కిలోవాట్లకు మొత్తం 78 వేలు. నా లెక్క నమ్మి ఎవరైనా అప్పు చేశారేమోనని అప్పటి నుంచి ఒకటే టెన్షన్. క్షమించండి.

సోలార్ ఖర్చుపై సమాచార హక్కు దరఖాస్తు పెట్టేవాళ్లు కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖకు పంపండి. అదే పోస్టులో ఆరోగ్యశ్రీ ఖర్చు గురించి రాసిందాంట్లో మార్పు లేదు. 2023 డిసెంబరులో ఆ ఉచిత వైద్యం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది రాష్ట్రమే. ఆసుపత్రులకు ఎంత చెల్లించారో, ఎంత బాకీ ఉందో చెప్పాల్సిందీ రాష్ట్రమే. అడిగిన 30 రోజుల్లో జవాబివ్వాలని చట్టంలోనే ఉంది. నా సోలార్ దరఖాస్తును చిరునామా మార్చి రేపు మళ్లీ పంపుతున్నాను.