సదస్సుల లెక్క వేరు, ఆరోగ్యం లెక్క వేరు

ఆరోగ్య ప్రచార కార్యక్రమం ఏదైనా ముగిశాక వెలువడే నివేదికను తెరిస్తే, ఎన్ని సదస్సులు జరిగాయో, ఎన్ని కరపత్రాలు పంచారో, ఎంతమంది హాజరయ్యారో తొలి పేజీల్లోనే కనిపిస్తుంది. ఖర్చుకు లెక్క చెప్పడానికి ఈ అంకెలు కావలసిందే. అయితే అవి కార్యక్రమం చేసిన పనిని చెబుతాయే తప్ప, ఆ పని వల్ల ఎవరి ఆరోగ్యం ఎంత బాగుపడిందో చెప్పవు. ఈ రెండింటినీ ఒకటిగా చూపించడం వల్ల పనికిరాని కార్యక్రమాలు ఏళ్ల తరబడి కొనసాగుతున్నాయి, పనికొచ్చేవి మధ్యలోనే ఆగిపోతున్నాయి.

కార్యక్రమానికి ముందు ఒక సర్వే, తర్వాత మరో సర్వే చేసి, రెండింటి మధ్య కనిపించిన తేడా అంతా తమ ఘనతేనని ప్రకటించుకోవడం మరో అలవాటు. అదే కాలంలో కార్యక్రమం లేనిచోట ఏం జరిగిందో తెలియకుండా ఆ తేడాను నమ్మలేం. ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియాలో పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ తగ్గించే లక్ష్యంతో 1972లో పెక్కా పుస్కా నాయకత్వంలో మొదలైన ప్రయత్నం ప్రపంచానికే ఆదర్శంగా నిలిచింది. తర్వాతి దశాబ్దాల్లో అక్కడి పురుషుల్లో గుండెజబ్బు మరణాలు భారీగా తగ్గాయి. కానీ పోలిక కోసం ఎంచుకున్న పొరుగు ప్రాంతం కుయోపియోలో కూడా అవి తగ్గుతూ వచ్చాయి. దేశమంతటా జనం అలవాట్లు మారుతున్నప్పుడు ఒక కార్యక్రమం వాటా ఎంతో విడదీసి చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అమెరికా, కెనడాల్లో 1989 నుంచి 1993 వరకు జరిగిన ‘కమిట్’ ప్రయోగం ఈ చిక్కును నేరుగా ఎదుర్కొంది. ఒకదానికొకటి పోలిన పట్టణాలను 11 జతలుగా ఎంచి, ప్రతి జతలో ఏ పట్టణంలో పొగతాగడం మాన్పించే కార్యక్రమం నడపాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. అతిగా పొగతాగేవారి విషయంలో ఫలితం ఏమీ కనిపించలేదు. తక్కువగా, ఒక మోస్తరుగా తాగేవారిలో మాత్రం కార్యక్రమం నడిచిన పట్టణాల్లో 30.6 శాతం మంది మానేయగా, నడవని పట్టణాల్లో 27.5 శాతం మంది మానేశారు. పోలిక పట్టణాలే లేకపోయి ఉంటే ఆ 30.6 శాతాన్నీ కార్యక్రమం తన ఖాతాలోనే వేసుకునేది. నిజానికి దాని వాటా మూడు శాతం చిల్లర మాత్రమే. ఆ కొద్దిపాటి తేడా కూడా జనాభా మొత్తం మీద చూస్తే విలువైనదే అని నా అభిప్రాయం. కాకపోతే దానిని ఉన్నంతగానే చెప్పాలి.

కొలిచే పద్ధతిలోనూ ఒక చిక్కు ఉంది. సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారా అని అడిగితే దాదాపు అందరూ అవుననే అంటారు. అందుకే పరిశోధకులు ఇంట్లో ఒక మూల గంటల తరబడి కూర్చుని, ఎవరు ఎప్పుడు చేతులు కడుక్కుంటున్నారో రాసుకుంటారు. బంగ్లాదేశ్ గ్రామాల్లో ఒక బృందం, కదలికను నమోదు చేసే పరికరాన్ని సబ్బు లోపలే అమర్చి ఇళ్లలో పెట్టింది. పరిశీలకులు వచ్చి కూర్చున్న రోజున సబ్బు కదలికలు అంతకుముందు రోజులకంటే దాదాపు మూడో వంతు ఎక్కువయ్యాయి. ఇది ఆ ఇళ్లవారి తప్పు కాదు, ఎదురుగా ఎవరో చూస్తూ ఉంటే ఎవరైనా అంతే. జనం నోటిమాటనో, ఒక్కరోజు పరిశీలననో ఆధారం చేసుకుని విజయం ప్రకటించే నివేదికల్ని మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి.

అంతకంటే పెద్ద పొరపాటు, ఫలితం కనిపించనప్పుడు ఆలోచననే తప్పుపట్టడం. నేపాల్‌లోని మక్వాన్‌పుర్ జిల్లాలో గ్రామీణ మహిళలు నెలకోసారి గుంపుగా కూర్చుని, కాన్పు సమయంలో ఎదురయ్యే ఇబ్బందుల్ని తామే గుర్తించి, పరిష్కారాలను తామే వెతుక్కున్నారు. కొన్నిచోట్ల అత్యవసరానికి నిధి పోగుచేసుకున్నారు, గర్భిణులను ఆసుపత్రికి మోసుకెళ్లడానికి స్ట్రెచర్లు సమకూర్చుకున్నారు. 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ బృందాలు ఉన్న ప్రాంతాల్లో ప్రతి వెయ్యి జననాలకు 26.2 మంది పసికందులు నెలలోపు మరణించగా, బృందాలు లేనిచోట ఆ సంఖ్య 36.9. ఇదే పద్ధతిని బంగ్లాదేశ్‌లోని మూడు జిల్లాల్లో అమలు చేస్తే మొదటి విడతలో చెప్పుకోదగ్గ ప్రభావమే కనిపించలేదు. ‘ఇది పనిచేయదు’ అని అక్కడితో పుస్తకం మూసేసి ఉండవచ్చు. కానీ అప్పుడు సగటున 1,414 మందికి ఒక్క బృందమే ఉందనీ, గర్భిణుల్లో చాలామంది ఆ సమావేశాల ముఖమే చూడలేదనీ గుర్తించి, అవే జిల్లాల్లో 309 మందికి ఒక బృందం చొప్పున పెంచారు. ఈసారి నవజాత శిశు మరణాలు 38 శాతం తగ్గాయి. 2013లో నాలుగు దేశాల్లోని ఏడు ప్రయోగాలను కలిపి చూసినప్పుడు కూడా, గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది పాల్గొన్నచోటే మేలు స్పష్టంగా కనబడింది.

అంటే ఫలితాన్ని ఎప్పుడూ అమలు వివరాలతో కలిపే చదవాలి. ఎంతమందికి చేరింది, చేరనివారు ఎవరు, అనుకున్న పనిలో ఎంత జరిగింది అన్నవి లేకుండా ‘ప్రభావం లేదు’ అనే తీర్పుకు విలువ ఉండదు. హాజరు పట్టికలో పేర్లు లేనివారు తరచుగా కూలి మానుకుని రాలేనివారు, ఇల్లు కదలలేనివారు, అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నవారు. సగటు మెరుగుపడినా వారి పరిస్థితి అలాగే ఉండిపోతే, ఆ సంగతిని నివేదికలో విడిగా రాయాలి. అందుకు వివరాలను మొదటిరోజు నుంచే వర్గాలవారీగా సేకరించాలి, చివర్లో సేకరిస్తే అందవు.

ఆరోగ్య కార్యక్రమాలను ఐదు అంశాల్లో అంచనా వేయడానికి 1999లో రస్సెల్ గ్లాస్గో అనే పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి ప్రతిపాదించిన ‘రీ-ఎయిమ్’ చట్రంలో ఐదో అంశం, ఫలితం నిలబడటం. ఆచరణలో అందరూ వదిలేసేదీ అదే. నిధులు ఆగిన నెలలోనే కొలవడం కూడా ఆగిపోతుంది కాబట్టి, మారిన అలవాటు రెండేళ్ల తర్వాత ఉందో లేదో ఎవరికీ తెలియదు. కార్యక్రమం ముగిశాక జరపాల్సిన ఆ చివరి సర్వేకు కావలసిన సొమ్మును మొదటి బడ్జెట్‌లోనే విడిగా కేటాయించి, మరో ఖర్చుకు మళ్లించే వీలు లేకుండా చేయాలి.